దత్తత కథ రాస్తున్న చెల్లెలికి

చెల్లెమ్మా,

హనుమకొండ నుండి ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. మహబూబాబాద్ వైపు తండాలో పుట్టి, పసికందుగానే స్వీడన్‌లోని తెల్లజాతి దంపతులకు దత్తత వెళ్లిన అమ్మాయి పాతికేళ్ల తరువాత కాజీపేటలో రైలు దిగుతుంది. చివరకు కన్నతల్లిని పట్టుకొని ఏడుస్తుంది. ఆ ముగింపు తీసెయ్యమని చెప్పడానికే ఈ ఉత్తరం.

తల్లి దొరకగానే తీరిపోయే దుఃఖం కాదమ్మా అది. ప్రాణంగా పెంచిన ఇంట్లోనే తన ముఖాన్ని పోలిన ముఖం ఒక్కటీ లేకుండా ఎదగడం, అమ్మానాన్నల వెంట వెళ్లినప్పుడు దుకాణంలో దక్కిన మర్యాద ఒంటరిగా వెళ్తే దక్కకపోవడం, ఆ అవమానం ఇంట్లో చెప్పుకుంటే దాన్ని ఎన్నడూ ఎరగని పెద్దలు "రంగుదేముంది తల్లీ" అని ప్రేమతోనే తీసిపారేయడం, ఇవి రాయి. అమెరికాలో నల్లజాతి పిల్లలను తెల్లవారికి దత్తత ఇవ్వడాన్ని అక్కడి నల్లజాతి సామాజిక కార్యకర్తల సంఘం 1972లో గట్టిగా వ్యతిరేకించింది. జాతివివక్షను ఎదుర్కొనే తీరు ఆ పిల్లలకు సొంతవాళ్లే నేర్పగలరన్నది వారి వాదనలో ముఖ్యమైన మాట. నేను పూర్తిగా ఏకీభవించను గానీ, ఆ భయం నిజమైనదే.

తండాను ఎంచుకున్నావు కనుక చరిత్రను దాటవేయకు. 1999, 2001లలో ఉమ్మడి రాష్ట్రంలో శిశువిక్రయాలు బయటపడ్డాయి; దేవరకొండ ప్రాంతపు లంబాడా తండాలలో దళారులు ఆడశిశువులను కొద్దిపాటి డబ్బుకు కొని దత్తత కేంద్రాలకు చేర్చారు. తల్లులు ఇష్టపడి వదులుకున్నారని కాగితాలు చెప్పాయి. నీ నాయిక చేతిలో ఉన్నది అలాంటి కాగితమే కావచ్చు. ఇప్పటి నిబంధనల ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన దత్తపుత్రిక తన మూలాల వివరాలు అడగవచ్చు, కానీ కన్నతల్లి గోప్యతకూ రక్షణ ఉంది. ఆ తల్లి కలవడానికి ఒప్పుకోకపోవచ్చు కూడా.

స్టేషన్ బయట ఆటో అతను "యాడికి పోవాలె అక్కా?" అని అడిగిన చోటును రెండు వాక్యాల్లో దాటేశావు. కథంతా అక్కడే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక మనిషి ఆమె ముఖం చూసి తమ మనిషే అనుకున్నాడు, ఆమె దగ్గర మాత్రం బదులివ్వడానికి మాట లేదు. పైగా ఆమె పోగొట్టుకున్నది తెలుగు కాదు, తండాలో తల్లి మాట్లాడే గోర్‌బోలి. ఆ సంగతి ఆమెకు ఎవరు, ఎప్పుడు చెబుతారో ఆలోచించు. తిరగరాశాక పంపు, ముందుగా ఆ పేజీయే చదువుతాను.

మీ అక్క