కొన్ని లెగో సెట్లు ఒక్క షాపులోనే ఎందుకు దొరుకుతాయి? మరి ఎక్కడ కొనాలి?

అమెరికాలో పిల్లలు అడిగిన లెగో సెట్ (ప్లాస్టిక్ ముక్కలు కలిపి బొమ్మ కట్టుకునే పెట్టె) టార్గెట్ అనే షాపులో ఉండి వాల్‌మార్ట్‌లో అసలు కనిపించకపోతే, స్టాక్ అయిపోయిందనే అనుకోనక్కర్లేదు. అది ఒకే షాపుకి ఇచ్చిన ఎక్స్‌క్లూజివ్ కావచ్చు. షాపువాళ్లు ముందే పెద్ద ఆర్డర్ పెట్టి, అరల్లో మంచి చోటు ఇస్తారు. బదులుగా ఆ సెట్ కోసం జనం వాళ్ల దగ్గరికే రావాలి. పక్క షాపు పోటీ లేదు కాబట్టి ధర తగ్గించాల్సిన తొందరా ఉండదు.

కొన్ని పెద్ద సెట్లను లెగో తన దగ్గరే ఉంచుకుంటుంది. 2017లో వచ్చిన 7,541 ముక్కల మిలీనియం ఫాల్కన్‌ను (స్టార్ వార్స్ సినిమాల్లోని అంతరిక్ష నౌక) మొదట తన సొంత షాపుల్లో, వెబ్‌సైట్‌లోనే అమ్మింది.

కొనేముందు పెట్టె మీద ఉండే సెట్ నంబర్ రాసుకోండి (ఫాల్కన్‌ది 75192). పేరుతో కాకుండా ఆ నంబర్‌తో వెతికితే పొరపాటు జరగదు. చాలా ఒప్పందాలు కొంతకాలానికే కాబట్టి, టెన్షన్ పడి రెట్టింపు ధర పెట్టకండి, కొన్ని నెలలు ఆగి చూడండి.

తయారీ ఆగిపోయిన సెట్ అయితే, జనం లెగో సెట్లు, ముక్కలు అమ్ముకునే బ్రిక్‌లింక్ అనే వెబ్‌సైట్‌లో చూడండి, 2019లో దాన్ని లెగోనే కొనేసింది. పాత సెట్‌లో సూచనల పుస్తకం లేకపోయినా ఫర్వాలేదు, లెగో సైట్‌లో చాలావాటికి ఉచితంగా దొరుకుతుంది. చిన్న బొమ్మలు అన్నీ ఉన్నాయా అని మాత్రం అమ్మేవాళ్లను ఫొటో అడిగి, ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోండి.