తదితరులు ఎవరు?

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మీ ఊరి సాహిత్యోత్సవం బాగా జరిగిందని, దానికి చెయ్యి వేసిన వాళ్లందరికీ కృతజ్ఞతలు చెప్పే బాధ్యత నువ్వు నెత్తిన వేసుకున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. పొంగిపోయాను. ఆ రాత్రి నిద్ర కూడా పట్టలేదు. రచయితలను పిలవడానికి, వేదిక మీద కూర్చోవడానికి చాలామంది ముందుకొస్తారు. అంతా అయిపోయి, అందరూ అలిసిపోయి, ఒకరి మీద ఒకరికి విసుగు పుట్టాక చేయవలసిన పని ఇది.

సులువైనవి ముందు చెప్పేస్తాను. ఉత్తరాలు రెండు వారాల లోపు వెళ్లాలి. చేత్తో రాయి. పేర్లలో అక్షరదోషం ఉండకూడదు. జమాఖర్చులు ఒక కాగితం మీద వేసి అందరికీ అందేలా చెయ్యి. డబ్బు ఇచ్చినవాళ్లకు అంతకు మించిన నమస్కారం లేదు. తన పేరు బయటపెట్టవద్దని ఎవరైనా అన్నారా, పెట్టకు.

ఇక అసలు సంగతి. మేము ఉత్సవం మొదలుపెట్టిన మూడో ఏడు, చివరి రోజు సాయంత్రం వందన సమర్పణ నాకు అప్పగించారు. వందన సమర్పణ అంటే సగం మంది లేచి నిలబడ్డాక జరిగేది కదా. నా చేతిలో రెండు పేజీల జాబితా. ముందు విరాళాలు ఇచ్చినవాళ్లు, ఇచ్చిన మొత్తాల వరుసలో. తర్వాత అధ్యక్షులు, ఉపాధ్యక్షులు, ఊరి పెద్దలు. పుస్తకాల పెట్టెలు మోసిన కుర్రాళ్ల దాకా వచ్చేసరికి జనం వెళ్లిపోతున్నారని కంగారు పుట్టి, "తదితరులందరికీ పేరుపేరునా ధన్యవాదాలు" అని దిగిపోయాను. ఆ మాట ఒకసారి నెమ్మదిగా చదువు. పేర్లు ఎగ్గొట్టేటప్పుడే మనకు 'పేరుపేరునా' గుర్తొస్తుంది.

నేను అది అంటున్నప్పుడు నా కాళ్ల దగ్గర వంగి మైకు తీగ సరిచేస్తున్నాడు ఒక మనిషి. మూడేళ్లుగా, ఏటా మూడు రోజులు, పైసా తీసుకోకుండా మైకులు నడిపినవాడు. కవి గొంతు చిన్నదైతే పెంచేవాడు. ప్రసంగం సాగదీస్తున్న వారిని ఆపడానికి ధ్వని తగ్గించమని మేము సైగ చేస్తే మాత్రం వినేవాడు కాదు, "పాపం, మాట్లాడనివ్వండమ్మా" అనేవాడు.

నాలుగో ఏడు కబురు పెడితే వచ్చాడు. నవ్వుతూనే వచ్చాడు. కూర్చోకుండానే, బాడుగ ఇంత అవుతుంది, సగం ముందే ఇవ్వాలి అన్నాడు. అది అతని వృత్తి, అడగడంలో తప్పేముంది? అతను వెళ్లాక మా కమిటీలో ఒకాయన "చూశారా, డబ్బు మనిషి" అన్నాడు. నేనూ తలూపాను. ఆ తలూపడం ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఇంటికి వచ్చి బయానా పద్దు రాయబోతే, ఎవరి పేరున రాయాలో తెలియలేదు. పాత నోటుపుస్తకాలు మూడూ తిరగేశాను. మైకుకు కబురు పెట్టాలి. మైకు తొమ్మిదింటికి వస్తాడు. అన్నిచోట్లా అంతే. ఆ సాయంత్రం నేను అతని పేరు మరిచిపోలేదమ్మా. మూడేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు.

మర్నాడు వెళ్లి అడిగాను. రాసుకోవడానికి వీలుగా ఇంటిపేరుతో సహా నెమ్మదిగా చెప్పాడు. క్షమించమంటే "అయ్యో, దానికేముందమ్మా" అని విప్పి పెట్టిన స్పీకరు మీదికి వంగిపోయాడు. బాడుగ మాత్రం తగ్గించలేదు. తగ్గించమని నేనూ అడగలేదు.

ఇంతకీ మీ మైకు అతని పేరేమిటి? ఈ ఉత్తరం పక్కన పెట్టి చెప్పు చూద్దాం.

అందుకే జాబితా హోదాల వరుసలో వేయకు. తాళం తీసిన క్షణం నుంచి తాళం వేసిన క్షణం దాకా మనసులోనే మళ్లీ ఒకసారి నడిచి రా. తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? కుర్చీలు ఎవరు వేశారు, ఎవరు ఎత్తారు? మరుగుదొడ్లు ఎవరు కడిగారు? రైలు ఆలస్యమైన రచయిత కోసం అర్ధరాత్రి దాకా మేలుకున్నది ఎవరు? ఉత్సవానికి ఒక్క పూట కూడా రాని వాళ్లూ ఉంటారు. వాళ్ల వీధిలో బళ్లు నిలిపి, వాళ్ల పిల్లల చదువులు చెడగొట్టారు మీరు. వాళ్లకూ ఒక ఉత్తరం బాకీ.

మీకంటే ముందు పనిచేసిన వాళ్లనూ మరవకు. బ్రిటన్‌లోని వేల్స్‌లో హే ఆన్ వై అని రెండు వేల లోపు జనాభా ఉండే ఊరుంది. అక్కడి ఉత్సవం 1988లో మొదలై ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. కానీ అప్పటికే ఆ ఊరు పాత పుస్తకాల దుకాణాలకు ప్రసిద్ధి. అక్కడి పుస్తకాల వ్యాపారి రిచర్డ్ బూత్ 1977 ఏప్రిల్ 1న ఆ ఊరికి తానే రాజునని ప్రకటించుకున్నాడు కూడా! ఊరు ముందు పుస్తకాలకు అలవాటు పడింది, ఉత్సవం తర్వాత వచ్చింది. మీ సభలో ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు చదివే అలవాటు చేసిన లైబ్రేరియను ఎవరో కనుక్కో.

నువ్వు రాసుకున్న నమూనా ఉత్తరం మీ అమ్మ పంపింది. కోప్పడుతున్నానని అనుకోకు, కోప్పడుతున్నాను. "మీరు లేనిదే ఈ ఉత్సవం లేదు" అని నలభై మందికీ ఒకే వాక్యమా? చిన్న ఊరు, ఉత్తరాలు ఒకరివి ఒకరు చూసుకుంటారు. వాళ్లు చేసిన పని ఒక్కటి చెప్పు, చాలు. "వానకు తడవకుండా మీరు పుస్తకాల మీద పట్టా కప్పడం చూశాను" అంటే ఆ ఉత్తరం ఇంకెవరికీ పనికిరాదు. ఇక ఆ చివరి వాక్యం, "వచ్చే ఏడాది కూడా మీ సహకారం ఆశిస్తూ". కొట్టేయి. కృతజ్ఞత చెబుతూ చెయ్యి చాపుతారా ఎవరైనా?

ఈ మధ్య నాకు పేర్లు జారిపోతున్నాయి. మొన్న ఎదురింటావిడ పలకరిస్తే పేరు నోటికి రాక నవ్వి ఊరుకున్నాను. నీకు ఇప్పుడు అన్నీ గుర్తున్నట్టే ఉంటుంది. ఆ ధీమా వద్దు. అలసట తీరాక కాదు, ఈ వారమే కూర్చుని రాయి. రాశాక కడుపునిండా నిద్రపో, గొంతు బొంగురుపోయిందని అమ్మ చెప్పింది.

నా నోటుపుస్తకాలు మూడూ పంపుతున్నాను. 'మైకు' అని ఉన్నచోటల్లా కొట్టేసి పేరు రాశాను, చూడు. చూశాక తిరిగి పంపు, అవి నాకు కావాలి.

మీ పెద్దమ్మ