స్విచ్ లైటా, ఫ్యానా, ప్లగ్గా: ముందే తేల్చుకో

చిరంజీవి కార్తీక్‌కు ఆశీస్సులు.

స్విచ్ బోర్డుల వెనక స్మార్ట్ రిలేలు బిగించడం అయిందన్నావు, సంతోషం. యాప్‌లో కలిపే ముందు ఏ ఛానెల్ (రిలేలోని ఒక్కో లైను) దేన్ని నడుపుతుందో కాగితం మీద రాసుకో: హాలు లైటు, ఫ్యాను, రౌటర్ ప్లగ్గు, ఇలా. రిలేకి తన వెనక ఏముందో తెలియదు. కరెంటు కలపడం, తెంచడం వరకే దాని పని. అది లైటో ఫ్యానో చెప్పాల్సింది నువ్వే. అదీ ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ విడిగా చెప్పాలి. గూగుల్ హోమ్‌లో మారిస్తే యాపిల్ హోమ్‌లో మారదు.

ఈ పని వదిలేస్తే "లైట్లన్నీ ఆపెయ్" అన్నరోజు తేడా తెలుస్తుంది. ఆ మాట లైటుగా నమోదైన వాటికే వెళ్తుంది. స్విచ్‌గా నమోదైన హాలు దీపం వెలుగుతూనే ఉంటుంది. పొరపాటున లైటుగా నమోదైన రౌటర్ మాత్రం ఆరిపోతుంది. దాంతో వాయిస్ అసిస్టెంటుకు నెట్ పోతుంది, మళ్లీ ఆన్ చెయ్యమని చెప్పడానికీ దారి ఉండదు.

మ్యాటర్ (వేర్వేరు కంపెనీల స్మార్ట్ పరికరాలు కలిసి పనిచేసేందుకు పెట్టుకున్న ఉమ్మడి ప్రమాణం) పరికరాలు కొన్నావు కాబట్టి ఒక పేరు విషయంలో జాగ్రత్త. అందులో 'ఆన్/ఆఫ్ లైట్ స్విచ్' అంటే వేరే దీపానికి ఆజ్ఞ పంపే మీట, లోడ్‌ను (కరెంటు వాడే దీపం, ఫ్యాను లాంటివాటిని) నడిపేది కాదు. 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ 1.0లో లోడ్ నడిపే గోడ రిలేకి సొంత రకమే లేదు. అందుకే తయారీదారుల్లో కొందరు దాన్ని 'ఆన్/ఆఫ్ లైట్' అన్నారు, కొందరు 'ప్లగ్-ఇన్ యూనిట్' అన్నారు. 2024 నవంబరులో 1.4 వచ్చాక 'మౌంటెడ్ ఆన్/ఆఫ్ కంట్రోల్' అనే రకం చేరింది. ఒకేలా కనిపించే రెండు రిలేలు నీ యాప్‌లో రెండు రకాలుగా రావడానికి కారణం ఇదే, రిలే పాడైందని అనుకోకు. మూడు ఛానెళ్ల రిలేలో ఒక్కో ఛానెల్‌కి ఒక ఎండ్‌పాయింట్ (యాప్‌కి విడి పరికరంలా కనిపించే భాగం) ఉంటుంది, ఒక్కోదాని రకం విడిగా చూసుకోవాలి.

ఇక మార్చే చోట్లు. యాపిల్ హోమ్‌లో స్విచ్ సెట్టింగుల్లో 'డిస్‌ప్లే యాజ్' అని ఉంటుంది, అక్కడ లైటు గానీ ఫ్యాను గానీ ఎంచుకో. పరికరమే తనను లైటని చెప్పుకుంటే ఆ ఎంపిక కనిపించదు. అప్పుడు తయారీదారు యాప్‌లో ఆ ఛానెల్ రకం మార్చాలి. అయినా పాత రకమే చూపిస్తుంటే పరికరాన్ని తీసేసి మళ్లీ కలపాలి. అలా చేస్తే గది పేరు, ఆటోమేషన్లు పోతాయి. అందుకే ఆటోమేషన్లు రాయకముందే ఈ పని ముగించమంటున్నాను. అలెక్సా, గూగుల్ హోమ్ యాప్‌లలోనూ స్విచ్‌కీ ప్లగ్గుకీ రకం మార్చే వీలు పరికరం సెట్టింగుల్లోనే ఉంటుంది.

హోమ్ అసిస్టెంట్‌లో (ఇంట్లోనే నడుపుకునే స్మార్ట్ హోమ్ సాఫ్ట్‌వేర్) ఇది ఇంకా ముఖ్యం. అక్కడ ప్రతి పరికరానికీ ఉండే ఎంటిటీ (నమోదు) ఐడీ మొదట్లోనే light, switch అని రకం ఉంటుంది, దాన్నే డొమైన్ అంటారు. హాలు మొత్తానికి 'లైట్ టర్న్ ఆఫ్' యాక్షన్ పెడితే స్విచ్ డొమైన్‌లో ఉన్న దీపాన్ని అది ముట్టుకోదు. సెట్టింగుల్లోని హెల్పర్లలో (అదనపు సాధనాల జాబితా) 'చేంజ్ డివైస్ టైప్ ఆఫ్ ఎ స్విచ్' ఎంచుకుని, స్విచ్ చూపించి, లైటు అని చెప్పు. కొత్త లైట్ ఎంటిటీ వస్తుంది, పాతది దాక్కుంటుంది. వాయిస్ అసిస్టెంటుకు ఆ కొత్తదాన్నే ఇవ్వు. రెండూ ఇస్తే ఒకే దీపం రెండుసార్లు కనబడి "ఏది?" అని అడుగుతుంది. మ్యాటర్ ద్వారా ఒకసారి, తయారీదారు క్లౌడ్ ద్వారా మరోసారి కలిపినా ఇదే తిప్పలు, ఒక దారి తీసెయ్.

రకం లైటుగా మార్చినంత మాత్రాన వెలుతురు తగ్గించే స్లైడర్ రాదు, దానికి డిమ్మరే కావాలి. ఫ్యాన్ లైన్‌ను లైట్ డిమ్మర్‌కి మాత్రం కలపకు. మోటారు మూలుగుతుంది, వేడెక్కుతుంది, డిమ్మరూ పాడవుతుంది.

రిలే వెనక స్మార్ట్ బల్బు ఉంటే రిలే ఆఫ్ కాగానే బల్బు 'నో రెస్పాన్స్' అంటుంది. అలాంటి ఛానెల్‌కి డిటాచ్డ్ మోడ్ (గోడ మీట నొక్కినా రిలే కరెంటు తెంచని అమరిక) పెట్టు. బల్బుకి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, గోడ మీట ఆజ్ఞ మాత్రమే పంపుతుంది. లైట్ల జాబితాలో బల్బు ఒక్కటే ఉండాలి, ఆ రిలే ఉండకూడదు.

అన్నీ అయ్యాక నువ్వు ఇంట్లో ఉన్న వేళ చూసి "లైట్లన్నీ ఆపెయ్" అని ఒకసారి చెప్పి, గది గదికీ తిరిగి నీ కాగితంతో సరిచూసుకో. తేడా వచ్చినవి రాసి పంపు.

బాబాయి