శిక్ష వేరు, శాస్తి వేరు

సందేహం: మా పాఠశాలలో ఒక విద్యార్థి తన వ్యాసంలో “దొంగతనం చేసినవానికి న్యాయస్థానం మూడేండ్ల శాస్తి విధించింది” అని రాశాడు. నిఘంటువు చూస్తే శాస్తి అంటే శిక్ష అనే ఉన్నది. ఈ వాక్యాన్ని దిద్దవచ్చునా? “తగిన శాస్తి” అనడం పునరుక్తి కాదా?
– ఒక తెలుగు ఉపాధ్యాయుడు, హనుమకొండ

సమాధానం: వాక్యాన్ని దిద్దవలసిందే. నిఘంటువు చెప్పిన అర్థం సరైనదే గాని, ఆ పదం ఏ క్రియతో కలుస్తుందో, ఎవరి నోట పలుకుతుందో చెప్పే పని అది పెట్టుకోలేదు.

శాస్తి సంస్కృతపదం. ఆజ్ఞాపించడం, బోధించడం, దండించడం అనే అర్థాలున్న “శాసు అనుశిష్టౌ” ధాతువు నుండి ఇది పుట్టింది. శాసనం, శాస్త్రం, అనుశాసనం, ఆఖరికి శిష్యుడు కూడా ఆ ధాతువు సంతానమే. శిక్షది వేరే పుట్టుక. “శిక్ష విద్యోపాదానే” అన్న ధాతువు ప్రకారం దాని అసలు అర్థం విద్య నేర్వడం. తెలుగులో శిక్ష దండనగా స్థిరపడి, నేర్పడానికి శిక్షణ మిగిలింది కనుకనే, సర్వశిక్షా అభియాన్ అన్న పేరు తెలుగు చెవికి కొంత భయంగానే వినిపిస్తుంది.

ఇక వాడుక. శిక్ష పడాలంటే దానిని వేసే అధికారి ఒకరుండాలి, నేరం రుజువు కావాలి, కాలమో సొమ్మో ఇంత అని కొలత ఉండాలి. అందుకే శిక్షను విధిస్తారు, తగ్గిస్తారు, రద్దు చేస్తారు. శాస్తికి ఇవేవీ అక్కరలేదు. కాకతీయ కాలువ తూము దగ్గర అడ్డుకట్ట వేసి కింది రైతుల నీళ్లు రాత్రికి రాత్రి తనవైపు మళ్లించుకున్న ఆసామి మిరపతోట ఆ నీళ్లు నిలిచే మురిగిపోయిందనుకుందాం. అతనికి ఎవరూ శిక్ష వేయలేదు. అయినా చూసినవారు “మంచి శాస్తి జరిగింది” అంటారు. మన పల్లెల్లోనైతే “వానికి గట్లనే కావాలె” అని ఊరుకుంటారు, భావం అదే. అంటే శాస్తి అన్న మాటలో జరిగిన కీడుతో పాటు, అది న్యాయమేనన్న వక్త తీర్పు కూడా ఇమిడి ఉంటుంది. పరీక్ష కావాలంటే “అన్యాయమైన” అనే విశేషణం చేర్చి చూడండి: “అన్యాయమైన శిక్ష” చక్కగా నిలుస్తుంది, “అన్యాయమైన శాస్తి” నిలవదు. నిరపరాధికి శిక్ష పడవచ్చును గాని శాస్తి జరగదు. ఇదే కారణం చేత ప్రమాదాల్లో, రోగాల్లో చిక్కుకున్నవారి విషయంలో ఈ మాట వాడడం క్రూరంగా తోస్తుంది. తన తప్పు తానే ఒప్పుకొంటూ “నాకు మంచి శాస్తే అయింది” అనుకోవడం మాత్రం చెల్లుతుంది.

దానశాసనాల చివర తరచు కనిపించే “స్వదత్తాం పరదత్తాం వా” శ్లోకం, దానమిచ్చిన భూమిని హరించినవాడు అరవైవేల ఏండ్లు మలంలో పురుగై పుడతాడని హెచ్చరిస్తుంది. ఏ న్యాయస్థానమూ అమలు చేయలేని ఈ ఫలం, మన నేటి వాడుకలో చెప్పాలంటే, శిక్ష కాదు, శాస్తి.

రెండవ సందేహానికి వస్తే, సంస్కృతంలో శాస్తికి దండన, ఆజ్ఞ వంటి అర్థాలే గాని తగినది అన్న అర్థం లేదు. కాబట్టి “తగిన” అనే విశేషణం మొదట అవసరంగానే చేరి ఉండాలి. తగిన, మంచి, బాగా అన్న మాటల సహవాసంలో చాలాకాలం ఉండడం వల్ల ఆ భావం నామవాచకానికే పట్టిందని నా అభిప్రాయం. ఈనాటి అర్థాన్ని బట్టి చూస్తే మీరన్న పునరుక్తి కొంత ఉన్నమాట నిజమే అయినా, నుడికారంగా కుదురుకున్న పదబంధాన్ని దోషమని కొట్టివేయనక్కరలేదు. మీ విద్యార్థి వాక్యంలో మాత్రం “మూడేండ్ల జైలుశిక్ష విధించింది” అని మార్చండి. ఆ తీర్పు విని సొమ్ము పోగొట్టుకున్నవాడు “తగిన శాస్తి జరిగింది” అన్నాడని తరువాతి వాక్యంలో రాయించవచ్చును.