జాకెట్ ఉంది కదా అని గోడలా నిలబడొద్దు

గ్రీమ్స్‌పేట,
చిత్తూరు

అల్లుడూ,

నీకు అలిపిరి డ్యూటీ పడిందనీ, బీపీ (బుల్లెట్‌ప్రూఫ్) జాకెట్ ఇచ్చారనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "ఇంక వాడికేం కాదులే" అని కూడా అనింది. ఆమెను అలాగే అనుకోనీ. నువ్వు మాత్రం అనుకోవద్దు.

బ్యారక్‌లో ఏకే రైఫిల్ గొప్పా, ఇన్సాస్ రైఫిల్ గొప్పా అని రాత్రంతా వాదిస్తారు కదా. ఆ వాదన తుపాకీ పట్టుకున్నోడికి పనికొస్తుంది గానీ జాకెట్‌కి కాదు. గుండు బరువెంత, తగిలేటప్పుడు వేగమెంత, లోపలుండేది సీసమా ఉక్కా, జాకెట్‌కి ఈ మూడే లెక్క. 9 ఎంఎం పిస్టల్ గుండు 8 గ్రాములు, సెకనుకు సుమారు 370 మీటర్లు పోతుంది. ఏకే గుండు కూడా దాదాపు 8 గ్రాములే, కానీ 715 మీటర్లు. వేగం రెట్టింపు కావస్తే దెబ్బ నాలుగింతలు కావస్తుంది: దెబ్బ బలాన్ని జౌల్స్‌లో కొలిస్తే అక్కడ 550, ఇక్కడ 2000. ఇన్సాస్‌ది 4 గ్రాముల చిన్న గుండు, 900 మీటర్ల వేగం. కుర్రోళ్ళు పాతదని నవ్వే ఎస్సెల్లార్ రైఫిల్ గుండు 9 గ్రాముల పైనే, 840 మీటర్లు. 3300 జౌల్స్ దగ్గరికి పోతుంది. వీటన్నిట్లో ఎక్కువ దెబ్బ దానిదే.

అందుకే నారతో నేసిన మెత్తటి ప్యానెల్ ఒక్కటే ఉన్న జాకెట్ పిస్టల్‌కే. రైఫిల్ గుండుకి గట్టి ప్లేటు ఉండాల్సిందే. జాకెట్ చేతికి రాగానే ప్లేటు బయటికి తీసి లేబుల్ చదువు. ఏ ప్రమాణం, ఏ స్థాయి, ఏ గుండు, తయారైన సంవత్సరం, గడువు. మన దేశ ప్రమాణాల సంస్థ బీఐఎస్ పెట్టిన ప్రమాణం ఐఎస్ 17051, 2018లో వచ్చింది. అమెరికా న్యాయశాఖ పరిశోధన సంస్థ ఎన్‌ఐజేదైతే 2008 నాటి లెక్కలో లెవెల్ 3 ప్లేటుని 7.62 నాటో గుండ్లు (ఎస్సెల్లార్ రకం) ఆరింటితో పరీక్షిస్తారు, లెవెల్ 4ని లోపల ఉక్కు ఉండే 30-06 అనే రైఫిల్ గుండు ఒక్కదానితో. 4 పెద్ద అంకె కాబట్టి అన్నిట్లో మేలనుకోవద్దు. ఒకటి తగిలినాక అదే చోట రెండోది ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేదు. ఇంకో మెలిక: కొన్ని ప్లేట్లు వెనక మెత్తటి ప్యానెల్ ఉంటేనే పనిచేస్తాయి. ఉక్కగా ఉందని ఆ ప్యానెల్ తీసేసి ప్లేటొక్కటే తగిలించుకుంటే ఆ లేబుల్‌కి విలువ లేదు.

ప్లేటు సుమారు 10 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల పొడవు. అంతే. పక్కలు, చంకలు, గొంతు, తొడల మొదళ్ళు బయటే. పై అంచు గొంతు కింద గుంట దగ్గర ఉండాలి. పట్టీలు వదులు చేసుకుని బొడ్డు మీదికి దించుకుంటారు చాలామంది, కూర్చుంటే సుఖమని. అప్పుడు పొట్టకి కాపలా, గుండెకి సెలవు.

గుండు ఆగినా దెబ్బ ఆగదు. ఎన్‌ఐజే పరీక్షలో వెనకుండే బంకమట్టిలో 44 మిల్లీమీటర్ల దాకా గుంట పడినా జాకెట్ పాసే. ఆ మట్టి చోట నీ పక్కటెముకలు పెట్టి చూసుకో. అందుకే రక్తం రాలేదు, నిలబడగలుగుతున్నా అని డ్యూటీలో ఉండిపోవద్దు. రుయాకో స్విమ్స్‌కో పోయి ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే. ఊపిరితిత్తి కమిలితే ఆయాసం కొన్ని గంటల తర్వాత తెలుస్తుంది.

రేపు శేషాచలం అడవిలో ఎర్రచందనం దొంగల కోసం కూంబింగ్‌కి పంపితే అక్కడ ఎదురయ్యేది ఎక్కువగా రాళ్ళూ గొడ్డళ్ళూ. గుండుని పట్టే నార కత్తి మొనని పట్టదు. మొన దారాల మధ్య సందు చేసుకుని దూరుతుంది. కత్తిపోటుకి వేరే పరీక్ష, వేరే లేబుల్.

ఇక మన ఎండ. పాలిథిలీన్ ప్లేటుకి వేడి పడదు, కెవ్లార్ నారకి ఎండా తడీ పడవు. అమెరికాలో జైలాన్ అనే నారతో చేసిన జాకెట్లు వేడికీ తేమకీ లోలోపలే బలహీనపడ్డాయి. 2003లో ఒక పోలీసు జాకెట్‌ని గుండు చీల్చుకుపోయింది, 2005లో ఆ నారకి గుర్తింపు తీసేశారు. పైకి చూస్తే కొత్త జాకెట్లాగే ఉండేది మరి. కాబట్టి మధ్యాహ్నం మూసిన జీపులో పడేసి పోవద్దు. డ్యూటీ దిగినాక ప్యానెల్ తీసి నీడలో పరిచి ఆరబెట్టు. మడవొద్దు, ఇస్త్రీ వద్దు, సబ్బునీళ్ళలో ముంచొద్దు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. ఉతకాల్సింది పైగుడ్డ ఒక్కటే. ప్యానెల్ మీది సీలు తొడుగు చిరిగిందంటే వెంటనే కోత్‌లో (ఆయుధాల గదిలో) చెప్పు. సిరామిక్ ప్లేటు నేలమీద పడితే పగులు గుడ్డ కింద దాక్కుంటుంది. రెండు చేతులతో మెలిపెట్టి చెవి దగ్గర విను, గరగరమంటే వాపసు ఇచ్చెయ్. చప్పుడు రాకపోతే బాగున్నట్టని కాదు, ఎక్స్‌రే తీస్తే గానీ తేలదు. దాన్ని పీటలా వేసుకుని కూర్చోవడం మాత్రం మానెయ్.

తుపాకీ సంగతి రెండు మాటల్లో చెప్తా. ఏకేలోనూ ఇన్సాస్‌లోనూ గ్యాస్ తోసే పిస్టన్, బోల్ట్‌ని మోసే బోల్ట్ క్యారియర్‌తోనే కదులుతుంది, మసిని ఓర్చుకుంటుంది. ఎస్సెల్లార్‌లో పిస్టన్ విడిగా ఉండి ఒక తోపు తోసి వెనక్కొస్తుంది. అమెరికా ఎం4 రకం రైఫిల్లో అలాంటి విడి పిస్టన్ ఉండదు. గ్యాస్ సన్నగొట్టంలోంచి నేరుగా క్యారియర్‌లోకి పోతుంది. తేలిక, గురి బాగా నిలుస్తుంది, కానీ మసంతా లోపలే. ఏది ఇచ్చినా గొట్టం తుడిచే తాడు పుల్‌త్రూకి 4 అంగుళాలకి 2 అంగుళాల చిందీ (గుడ్డముక్క). నూనెకి అంతకన్నా చిన్నది. నూనె ఎక్కువైతే కొండ దుమ్ముతో కలిసి ముద్దవుతుంది. ఇన్సాస్ మ్యాగజైన్ ప్లాస్టిక్‌ది, నోటి అంచులు పగిలాయేమో వెలుతురులో చూసుకో.

ఏకే ఇస్తే ఒకటి గుర్తుంచుకో. సేఫ్టీ మీట కిందికి నొక్కితే మొదటి మెట్టు ఆటో, చివరిదే సింగిల్. భక్తుల మధ్య ఆ మొదటి మెట్టు దగ్గర మీట ఆగకూడదు. ఖాళీ తుపాకీతో, కోత్ ఎదుట, వేళ్ళకి అలవాటయ్యేదాకా చెయ్యి.

ప్లేట్లతో కలిపి జాకెట్ పది కిలోల దాకా తూగుతుంది. మజ్జిగలో ఉప్పేసుకుని తాగుతూ ఉండు, దాహమయ్యేదాకా ఆగొద్దు. లేబుల్ మీద ఉన్నది చీటీలో రాసుకుని పండక్కి వచ్చేటప్పుడు తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ మామ