ఎఫ్‌డీ దాచుకుని లోన్ యాప్‌కి వెళ్లకండి

ప్రశ్న: నాన్నగారికి 62 ఏళ్లు, షుగర్ ఉంది. అరికాలి పుండు నాలుగు నెలలైనా మానలేదు. అల్ట్రాసౌండ్‌తో శుభ్రం చేయడానికి 24 సిట్టింగులు, ఒక్కోటి రూ.3,500. ముందే కడితే మొత్తం రూ.70,000 అంటున్నారు. నా జీతం రూ.42,000, ఇంటి ఖర్చు రూ.30,000. కార్డు మీద రూ.40,000, లోన్ యాప్‌లో రూ.30,000 తీసుకుందామనుకుంటున్నా. చెల్లి పెళ్లికని రూ.1.5 లక్షల ఎఫ్‌డీ ఉంది, అది కదపను. ఇప్పుడు ఆయనకు బీమా తీసుకోవచ్చా?

జవాబు: ఎఫ్‌డీనే కదపండి. కార్డు బాకీకి నెలకు 3.5 శాతం వడ్డీ అనుకుంటే, ఏడాదికి 42 శాతం. రూ.40,000 మీద నెలకు రూ.1,400, జీఎస్టీ అదనం. లోన్ యాప్ ఊసే ఎత్తకండి. పుండు మానకముందే వసూలు ఫోన్లు మొదలవుతాయి.

అసలు లోటు అత్యవసర నిధి. ఇంట్లో షుగర్ రోగి ఉండీ దాన్ని వేరుగా పెట్టుకోలేదు, ఉన్నదంతా పెళ్లికే అట్టిపెట్టారు. మీకు ఆరు నెలల ఖర్చు రూ.1.8 లక్షలు కావాలి. నాన్నగారి కాలికి వేరుగా ఇంకో లక్ష. డ్రెస్సింగులు, ఆటో ఛార్జీలు, ప్రత్యేక చెప్పులు చాలా పాలసీల్లో రావు, నిధి నుంచే పోవాలి. ఎఫ్‌డీని రూ.50,000 చొప్పున మూడు చేయండి. ఒకటి తీసినా మిగతావి కదలవు. నెలకు రూ.7,000 చొప్పున తిరిగి నింపండి, పెళ్లి ఆ తర్వాతే.

ప్యాకేజీకి మాత్రం ముందే డబ్బు కట్టొద్దు. బ్లేడుతో చచ్చిన కండ తీసే మామూలు పద్ధతి ఉండగా దాని బదులు అల్ట్రాసౌండ్ వాడొద్దనే డయాబెటిక్ ఫుట్ అంతర్జాతీయ వర్కింగ్ గ్రూప్ 2023 మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. కాలికి రక్తం సరిగా అందుతోందా, ఎముకకు ఇన్ఫెక్షన్ పాకిందా, పుండు మీద బరువు పడకుండా కట్టు వేశారా అని మొదట డాక్టరుగారిని అడగండి. ఈ మూడూ చూడకుండా ఎన్ని సిట్టింగులైనా దండగే. మధ్యలో ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ప్యాకేజీ డబ్బు ఇరుక్కుపోతుంది. డాక్టరుగారు చేయించాల్సిందే అంటే, వారానికి రెండు చొప్పున నాలుగు వారాలకు రూ.28,000, ఏ సిట్టింగుకు ఆ సిట్టింగే కట్టండి. అప్పటికి పుండు సగానికి తగ్గకపోతే చికిత్స మార్చమని అడగాలి.

ఎఫ్‌డీ మీద ఓవర్‌డ్రాఫ్ట్ (ఎఫ్‌డీని హామీగా పెట్టి బ్యాంకులో తీసుకునే అప్పు), ఈపీఎఫ్ (ఉద్యోగుల భవిష్య నిధి) అడ్వాన్సు కూడా దారులే. ఆయనకు బీమా లేదు కాబట్టి నగదు కాకుండా చెల్లించిన వైద్య ఖర్చుకు పాత పన్ను విధానంలో రూ.50,000 వరకు మినహాయింపు ఉంది, బిల్లులు దాచండి.

బీమా తీసుకోండి, కానీ ఈ పుండుకు ఆదుకోదు. అప్పటికే ఉన్న జబ్బులకు బీమా కంపెనీ 36 నెలల దాకా నిరీక్షణ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటి ఖర్చు ఇవ్వదు. షుగర్, పుండు రెండూ ఫారంలో రాయండి. దాస్తే రేపు క్లెయిమ్ తిరస్కరిస్తారు.