గాజా గురించి కామెంట్లు పెట్టిన అబ్బాయికి అమెరికా వీసా వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ చివరి సంవత్సరం. అమెరికాలో ఎంఎస్ చేయించాలని అనుకుంటున్నాం. వాడు ఇన్‌స్టాలో, ఎక్స్‌లో గాజా, ఉక్రెయిన్, ట్రంప్ అంటూ ఏవేవో రాస్తుంటాడు. అకౌంట్లన్నీ తీసేయమని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. ప్రస్తుతానికి ఫోన్ నా దగ్గరే పెట్టుకున్నాను. వీసా వస్తుందా? జర్మనీ అయితే ఈ తలనొప్పి ఉండదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందు ఫోన్ అబ్బాయికి ఇచ్చేయండి. చేతికొచ్చిన కొడుకు దగ్గర ఫోన్ లాక్కుని, అదే కొడుకుని తెలియని దేశానికి ఒంటరిగా పంపుదామనుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాలేదు.

ఈ మధ్య ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో! పైకి వీసా గురించే అడుగుతారు. లోపల భయం వేరే: మావాణ్ణి ఎవరో చూస్తున్నారు, ఎప్పుడు దేనికి పట్టుకుంటారో తెలియదు అని. ఆ భయం ఉత్తిదేమీ కాదు. అమెరికాలో విదేశీ నిఘా చట్టానికి 2008లో చేర్చిన సెక్షన్ 702 ప్రకారం, దేశం బయట ఉన్న విదేశీయుల మెయిళ్లను, మెసేజ్‌లను అక్కడి నిఘా సంస్థలు ఒక్కొక్కరికీ విడిగా వారెంటు లేకుండానే సేకరించవచ్చు. ఇక్కడ మాత్రం తక్కువా? మన ఐటీ చట్టం సెక్షన్ 69 కింద 2018 డిసెంబరులో పది కేంద్ర సంస్థలకు ఏ కంప్యూటర్‌లోని సమాచారాన్నయినా తెరిచి చూసే అధికారం ఇచ్చారు.

మీ అబ్బాయి విషయం ఇంత దూరం పోదు. అమెరికా వీసా దరఖాస్తు ఫారం డీఎస్-160లో గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా ఖాతాల పేర్లు 2019 నుంచే అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ప్రొఫైళ్లను పబ్లిక్‌లో పెట్టాలన్నారు. అదే ఏడాది డిసెంబరు 15 నుంచి హెచ్-1బీ ఉద్యోగ వీసా వాళ్లకూ, వాళ్ల కుటుంబానికిచ్చే హెచ్-4 వాళ్లకూ అదే పద్ధతి. అంటే వీసా స్టాంపు పడగానే ఈ తనిఖీ అయిపోదు, ఉద్యోగంలోనూ వెంట వస్తుంది.

అకౌంట్లు తీసేయమన్న సలహా ఇచ్చినవాళ్లకు ఈ ఫారం సంగతి తెలియదా, తెలిసే చెప్పారా? తీసేసిన ఖాతా కూడా ఐదేళ్ల లెక్కలోకి వస్తుంది. దాన్ని రాయకపోతే దాచినట్టు. ఈ వీసాయే కాదు, రేపు అడగబోయేవి కూడా పోవచ్చు. యుద్ధం ఆపండి అని రాయడం ఒక అభిప్రాయం. హత్యలు చేసినవాళ్లకు జై కొట్టడం, ఒక మతాన్ని తిట్టడం వేరే సంగతి. అలాంటివి ఉంటే తీసేయమనండి, వీసా కోసం కాకపోయినా సరే. నా దగ్గరికి వచ్చిన పిల్లల్లో యుద్ధం గురించి గట్టిగా రాసినవాళ్లు కూడా వీసా తెచ్చుకుని వెళ్లారు. అంత టెన్షన్ పడకండి.

అలాగని పూర్తి భరోసా ఇవ్వను. టఫ్ట్స్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్న టర్కీ విద్యార్థిని రుమేసా ఓజ్‌తుర్క్, గాజాపై విద్యార్థి పత్రికలో వచ్చిన ఒక వ్యాసం రాసినవాళ్లలో ఒకరు. 2025 మార్చిలో ఆమెను వీధిలోనే అదుపులోకి తీసుకున్నారు. కోర్టు చెబితే ఆరు వారాలు దాటాక బయటికొచ్చింది.

నా అనుమానం కామెంట్ల మీద కంటే ఎంఎస్ మీదే ఎక్కువ. పదేళ్ల కిందటైతే కళ్లు మూసుకుని వెళ్లమనేవాణ్ణి. ఇప్పుడు నోరు రావడం లేదు. అమెరికా ఎందుకని అడిగితే "అందరూ వెళ్తున్నారు కదా సార్" అంటారు. ఇల్లు తాకట్టు పెట్టి లోను తీసుకుంటారు. చదువయ్యాక విద్యార్థి వీసా మీదే పనిచేసుకోనిచ్చే ఓపీటీ మూడేళ్లు, ఆపైన హెచ్-1బీ కోసం లాటరీ. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల ఫీజు అన్నారు. అక్కడే ఉండి విద్యార్థి వీసా నుంచి మారేవాళ్లకు అది వర్తించదని చెప్పడానికి దాదాపు నెల పట్టింది. ఆ నెలంతా ఎన్ని ఇళ్లలో అన్నం సయించలేదో. మధ్యలో రూలు మారినా నిలబడగలమా? మీరు లెక్క వేసుకోవాల్సింది ఇది, అబ్బాయి పెట్టిన కామెంట్లు కాదు.

జర్మనీ సంగతి అడిగారు కదా. ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు లేదు. మన డిగ్రీలు అసలైనవేనని తేల్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కావాలి, నెలనెలా కొంతే తీసుకోనిచ్చే బ్లాక్డ్ అకౌంట్‌లో ఏడాదికి 11,904 యూరోలు చూపించాలి, జర్మన్ రాకపోతే ఉద్యోగం కష్టం. అబ్బాయికి ఆ భాష మీద మనసుంటే మంచి దారే. నిఘా తప్పించుకోవడానికైతే వద్దు. పాలస్తీనా నిరసనల్లో పాల్గొన్న నలుగురు విదేశీయులను వెళ్లిపొమ్మని 2025లో బెర్లిన్‌లోనూ ఉత్తర్వులిచ్చారు.

ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీవాడు "ఏవేవో" రాస్తాడని రాశారు. ఒక్కటైనా చదివారా? ప్రపంచంలో ఏం జరుగుతోందో పట్టించుకునే పిల్లవాడు మీ ఇంట్లో ఉన్నాడు. వాడితో ఆ విషయం మాట్లాడకుండా కన్సల్టెన్సీతో మాట్లాడారు. పొద్దున్నే వాట్సాప్ గ్రూపుల్లో మీరు ఫార్వర్డ్ చేసేవి ఎవరు చూడాలి మరి?

ఈ ఆదివారం ఇద్దరూ కూర్చుని ఐదేళ్లలో వాడు తెరిచిన ఖాతాలన్నీ ఒక కాగితం మీద రాయండి. ఇంటర్‌లో వేరే పేరుతో పెట్టి మరచిపోయినది ఒకటి ఉండే ఉంటుంది, దాన్నీ అడగండి. మీ ముందు చెప్పడానికి మొహమాటపడితే, మీరు కాసేపు అలా బయట తిరిగి రండి.